నీడను కొలిచిన బురుజు

(రచన: మన హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. ఫిజిక్స్)

చైనా అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది చైనా గోడ, ఆ తర్వాత షావోలిన్ కుంగ్‌ఫూ. ఆ షావోలిన్ గుడి హెనాన్ రాష్ట్రంలో, సోంగ్ పర్వతం దగ్గర, డెంగ్‌ఫెంగ్ అనే పట్టణానికి చేరువలో ఉంది. బస్సుల కొద్దీ జనం అక్కడికే పోతారు. అదే పట్టణం నుంచి ఆగ్నేయంగా సుమారు 15 కిలోమీటర్లు పోతే గావ్‌చెంగ్ అనే చిన్న ఊరు వస్తుంది. ఆ ఊళ్లో ఒకే ప్రహరీ లోపల ఒక గుడి, ఒక రాతి స్తంభం, ఒక ఇటుకల బురుజు ఉన్నాయి. స్తంభానికి 1300 ఏళ్లు. బురుజుకు 740 ఏళ్లకు పైనే. రెండూ కట్టింది ఒకే పని కోసం. సూర్యుడి వల్ల పడే నీడను కొలవడం కోసం.

విద్యార్థుల బృందంతో రెండు వారాలు చైనా చూసే అవకాశం నాకు దొరికింది. మా ఇంట్లో డిగ్రీ పట్టా నాదే మొదటిది, పాస్‌పోర్టు కూడా నాదే మొదటిది. సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు విమానం ముచ్చట్లు, తిండి ముచ్చట్లు రాద్దామా అనుకున్నాను. కానీ గావ్‌చెంగ్‌లో చూసిన దాని వెనక ఉన్న లెక్క చెబితేనే మీకు పనికొస్తుందనిపించింది. ఆ లెక్కకు పదో తరగతి చదువు చాలు.

నీడలో ఏముంది?

ఎండలో ఒక కర్రను నిలువుగా పాతండి. పొద్దున నీడ పడమటికి పొడుగ్గా పడుతుంది, మధ్యాహ్నానికి కురచ అవుతుంది, సాయంత్రం తూర్పుకు సాగుతుంది. ఇది గొర్రెల కాపరికీ తెలిసిన సంగతే. మా నాయన చేతికి గడియారం ఉండేది కాదు. చేలో తన నీడను తన అడుగులతోనే కొలుచుకుని పని దిగే వేళ చెప్పేవాడు. పావుగంటకు మించి తేడా వచ్చేది కాదు.

అయితే ఖగోళం లెక్క చేసేవాళ్లకు రోజంతా పడే నీడ అక్కర్లేదు. సరిగ్గా మిట్టమధ్యాహ్నం, నీడ అన్నిటికన్నా కురచగా ఉన్న క్షణంలో దాని పొడవు ఎంతో తెలిస్తే చాలు. ఈ మధ్యాహ్నపు నీడ రోజురోజుకూ కొంచెం కొంచెం మారుతుంది. కర్కట రేఖకు ఉత్తరాన ఉన్న చోట్ల జూన్ 21 ప్రాంతంలో అది ఏడాది మొత్తంలోకి పొట్టిది, డిసెంబరు 22 ప్రాంతంలో పొడుగుది. ఒక అతి పొడుగు నీడ నుంచి మళ్లీ అతి పొడుగు నీడ దాకా గడిచిన కాలమే ఒక ఏడాది. అంటే ఒక కర్ర, ఒక కొలబద్ద, ఓపిక ఉంటే ఏడాది పొడవును ఎవరైనా కనిపెట్టవచ్చు. మన పాత గణిత గ్రంథాలు ఈ కర్రను శంకువు అన్నాయి. చైనాలో దీని ఎత్తు 8 చైనా అడుగులుగా స్థిరపడింది. అక్కడ అడుగుకు 10 అంగుళాలు, మనలా 12 కాదు. ఈ వ్యాసంలో అడుగు, అంగుళం అంటే చైనావే అనుకోండి.

రాతి స్తంభం

గావ్‌చెంగ్ ఆవరణ దక్షిణం నుంచి ఉత్తరానికి ఒక గీత గీసినట్లు ఉంటుంది. గేటు, దాని వెనక మరో గేటు, రాతి స్తంభం, గుడి, బురుజు, చివర యావో చక్రవర్తి పేరుతో ఇంకో మందిరం. ఉత్తర దక్షిణాలు ఇంత కచ్చితంగా ఎందుకో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మిట్టమధ్యాహ్నపు నీడ పడేది ఆ గీత మీదే.

స్తంభాన్ని క్రీ.శ. 723లో, తాంగ్ వంశపు చక్రవర్తి ఆజ్ఞతో నాన్‌గోంగ్ యుయే అనే ఖగోళ అధికారి నిలబెట్టాడు. కింద దాదాపు మనిషి కన్నా ఎత్తయిన రాతి పీఠం, పైకి పోయేకొద్దీ సన్నబడేది. దాని మీద సుమారు 1.96 మీటర్ల రాతి కంబం. ఆనాటి 8 అడుగులు అంటే అదే. పీఠం పైభాగంలో కంబం నుంచి ఉత్తరపు అంచు వరకు దూరం 37 సెంటీమీటర్లు. ఈ 37లోనే ఉంది గమ్మత్తు. ఆ ఊరి అక్షాంశం 34.4 డిగ్రీలు. 723లో జూన్ నెల అతి పొడుగు పగలు నాడు, మిట్టమధ్యాహ్నం, 1.96 మీటర్ల కంబం నీడ ఎంత ఉండాలో టాన్ టేబుల్ పెట్టి లెక్క కడితే సరిగ్గా 37 సెంటీమీటర్లే వస్తుంది. అంటే ఆ ఒక్క క్షణంలో నీడ పీఠం అంచు వరకు వచ్చి ఆగిపోతుంది. కింద నేల మీద కంబం నీడే ఉండదు. అందుకే స్థానికులు దీన్ని ‘నీడలేని మండపం’ అంటారు.

మేం వెళ్లింది జూన్ మూడో వారంలో. గడియారంలో 12 కొట్టగానే బృందంలో సగం మంది ఫోటోలు తీసుకుని, అయిపోయిందని పక్కకు పోయారు. చైనా అంతటికీ ఒకటే టైము, అది 120 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. గావ్‌చెంగ్ ఉన్నది 113 డిగ్రీల దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడ అసలు మధ్యాహ్నం దాదాపు అరగంట ఆలస్యంగా, 12 గంటల 29 నిమిషాలకు వస్తుంది. నేను, ఇంకో ఇద్దరం ఉండిపోయాం. నీడ మెల్లగా పీఠం అంచుకు చేరింది. అంచు గీసినట్లు లేదు, రెండు సెంటీమీటర్ల మేర మసకగా ఉంది. ఆ మసక ఎందుకో తర్వాత చెబుతాను. కథంతా దాని దగ్గరే తిరుగుతుంది.

ఇంకో సంగతి. భూమి అక్షం వంపు వేల ఏళ్లలో కొంచెం కొంచెం మారుతోంది. 723లో సుమారు 23.6 డిగ్రీలు ఉన్నది ఇప్పుడు 23.44. లెక్క ప్రకారం అదే కంబం నీడ ఈ రోజుల్లో అప్పటికన్నా 6 మిల్లీమీటర్లు పొడుగు. కంటికి ఆనదు గానీ, ఇలాంటి చైనా నీడల కొలతలనే ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ భూమి వంపు తగ్గుతోందనడానికి సాక్ష్యంగా తీసుకున్నాడు.

వెయ్యి లీలకు ఒక అంగుళం

చైనా పాత గ్రంథాల్లో ఒక సూత్రం ఉండేది. 8 అడుగుల కంబం నీడ ఉత్తరానికి వెయ్యి లీలు పోతే ఒక అంగుళం పెరుగుతుంది, దక్షిణానికి పోతే ఒక అంగుళం తగ్గుతుంది అని. లీ అంటే అర కిలోమీటరుకు అటూ ఇటూ ఉండే దూరం. ఈ సూత్రం మీద ఆధారపడి సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో, ఆకాశం ఎంత వెడల్పో కూడా లెక్కలు కట్టేశారు. పండితులు తరతరాలుగా చదివారు, వ్యాఖ్యానాలు రాశారు. మరి కంబం భుజాన వేసుకుని వెయ్యి లీలు నడిచి చూసిందెవరు?

క్రీ.శ. 600 ప్రాంతంలో లియు జువో అనే పండితుడు ఈ సూత్రానికి ఆధారం లేదు, మైదానంలో తాడు పట్టి కొలిచి చూద్దాం అని విన్నవించాడు. అది ముందుకు సాగలేదు. ఆ పని జరగడానికి ఇంకో 120 ఏళ్లు పట్టింది.

చేయించినవాడు యీ షింగ్ (683-727) అనే బౌద్ధ భిక్షువు. 724లో మొదలుపెట్టి, దక్షిణాన నేటి వియత్నాం నుంచి ఉత్తరాన గడ్డి మైదానాల వరకు పదికి పైగా చోట్ల ఒకే ఎత్తు కంబాలతో నీడలు కొలిపించాడు. వీటిలో ముఖ్యమైనవి హెనాన్ మైదానంలో దాదాపు ఒకే ఉత్తర దక్షిణ గీత మీద ఉన్న నాలుగు చోట్లు. ఆ నాలుగింటి మధ్య నేల మీద దూరాన్ని కూడా కొలిచారు. ఈ భాగం చూసింది నాన్‌గోంగ్ యుయేనే. ఉత్తర కొస నుంచి దక్షిణ కొస దాకా 526 లీలా 270 అంగలు. నీడ తేడా 2 అంగుళాలకు కొంచెం పైన. అంటే అంగుళానికి వెయ్యి లీలు కాదు, 250 లీలు చాలు. గ్రంథం నాలుగు రెట్లు తప్పు!

అంతటితో ఆగలేదు. దూరాన్ని బట్టి నీడ పెరిగే వేగం కూడా అన్నిచోట్లా ఒకటిగా లేదని తేలింది. ఒక అంగుళానికి ఇన్ని లీలు అని ఏ సూత్రమూ కుదరదు. అందుకని యీ షింగ్ నీడను పక్కన పెట్టి, ధ్రువ నక్షత్రం ఎత్తు ఒక డిగ్రీ మారడానికి ఎన్ని లీలు నడవాలో చెప్పాడు. 351 లీలా 80 అంగలు. ఈనాటి లెక్కతో పోలిస్తే ఈ సంఖ్య కొంత ఎక్కువే. అయినా నేల మీద కొలిచి ఒక డిగ్రీ దూరం చెప్పడం చిన్న పని కాదు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఇంత దూరం వచ్చినవాళ్లు భూమి గుండ్రంగా ఉందన్న అడుగు మాత్రం వేయలేదు. వాళ్లకు కావలసింది గ్రహణం ఏ ఊళ్లో ఎంత కనపడుతుందో చెప్పగల పంచాంగం. అది దొరికింది, అక్కడ ఆగారు. పుస్తకంలో రాసింది తప్పని తేల్చే ధైర్యం ఉన్నవాళ్లకు కూడా తర్వాతి ప్రశ్న తట్టకపోవచ్చని నాకు ఇక్కడే తెలిసింది. ఎరటోస్తనీస్ మాత్రం క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే ఈజిప్టులో ఇలాంటి నీడ లెక్కతోనే భూమి చుట్టుకొలత చెప్పాడు. భూమి గోళం అన్న ఆలోచన గ్రీకులకు అప్పటికే ఉంది కాబట్టి.

దక్షిణ కొసన, వియత్నాం వైపు కొలిచినవాళ్లు ఒక వింత రాసుకొచ్చారు. అక్కడ జూన్‌లో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడింది. చైనా నడిబొడ్డున పుట్టి పెరిగినవాళ్లకు అది నమ్మశక్యం కాని విషయం. మనకు మాత్రం అది ప్రతి ఏడాదీ కళ్లముందు జరిగేదే. దాని సంగతి చివర్లో.

మనవాళ్లు అక్కడ

ఆ కాలంలో తాంగ్ రాజుల ఖగోళ శాఖలో మన దేశపు మూలాలున్న గౌతమ అనే ఇంటిపేరు కుటుంబం పెద్ద ఉద్యోగాల్లో ఉండేది. వారిలో గౌతమ సిద్ధ అనే ఆయన 718లో భారతీయ ఖగోళ లెక్కలను చైనా భాషలోకి తెచ్చాడు. దాని పేరుకు అర్థం నవగ్రహ పంచాంగం. మన సైన్ టేబుల్ అందులో ఉంది.

యీ షింగ్ చనిపోయాక ఆయన చేసిన పంచాంగం 729లో అమల్లోకి వచ్చింది. నాలుగేళ్లకు గౌతమ కుటుంబంలోని మరొకరు, యీ షింగ్ మన లెక్కనే కాపీ కొట్టాడు, అదీ అరకొరగా కొట్టాడు అని ఫిర్యాదు చేశాడు. తనను ఆ పనిలో చేర్చుకోలేదన్న కోపం కూడా ఉందట. నీడలు కొలిచిన నాన్‌గోంగ్ యుయే సైతం ఫిర్యాదు వైపే నిలబడ్డాడు! అప్పుడు ఏం చేశారన్నది నాకు బాగా నచ్చిన భాగం. ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎవరి గురువు గొప్ప అని చూడలేదు. వేధశాలలో రోజూ రాసిన పాత పరిశీలనల పుస్తకాలు తెప్పించి, ఏ పంచాంగం చెప్పింది ఎన్నిసార్లు నిజమైందో సరిచూశారు. యీ షింగ్‌ది పదింట ఏడు, ఎనిమిది. అంతకుముందున్న చైనా పంచాంగం మూడు, నాలుగు. మనవాళ్లది ఒకటి, రెండు. మనది ఓడిపోయిందని రాయడానికి నాకేం చిన్నతనం లేదు. పోటీ పెట్టిన పద్ధతి బాగుంది.

గుడి ఎవరిది?

స్తంభం వెనక ఉన్న గుడి జౌ గోంగ్ అనే రాజకుమారుడిది. క్రీ.పూ. 11వ శతాబ్దపు వాడు, జౌ వంశాన్ని స్థాపించిన రాజుకు తమ్ముడు. ఆయనే ఈ ఊళ్లో మొదట నీడను కొలిచి, ఇదే భూమికి నడిబొడ్డు అని తేల్చాడని సంప్రదాయం చెబుతుంది. రాతి స్తంభం మీద చెక్కిన పేరు కూడా ఆయనదే, ‘జౌ గోంగ్ నీడ కొలిచిన మండపం’ అని. లోపల ఆయన విగ్రహం ఉంది.

కొలిచారు అనడానికి రికార్డు ఉన్నవాళ్లకు మాత్రం ఆ గుడిలో ప్రధాన పీఠం లేదు. మైదానంలో తాళ్లు పట్టుకుని వందల లీలు నడిచిన కూలీలకు ఎక్కడా పేరే లేదు. రాజు తమ్ముడికి గుడి, కొలిచినవాడికి పుస్తకంలో ఒక వాక్యం. ఇది చైనాకే ప్రత్యేకం కాదులెండి.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. చైనాలో పంచాంగం ఇవ్వడం చక్రవర్తి హక్కు. ఏ రోజు ఏ తిథో చెప్పేవాడే రాజు. తాంగ్ చట్టం ప్రకారం ఖగోళ పరికరాలూ, ఆ గ్రంథాలూ మామూలు మనిషి ఇంట్లో దొరికితే రెండేళ్ల కఠిన శిక్ష. ఆ చట్టం గురించి చదివినప్పుడు నాకు మా అక్క పెళ్లి గుర్తొచ్చింది. ముహూర్తం అడగడానికి మా నాయన ఒక ఇంటి అరుగు ముందు, చెప్పులు చేత్తో పట్టుకుని, ఎండలో గంటసేపు నిలబడ్డాడు. నీడను చూసి వేళ చెప్పగలిగిన మనిషి, వేళ అడగడానికి నిలబడ్డాడు.

ఇటుకల బురుజు

గుడి దాటి వెనక్కి వెళ్తే బురుజు. 13వ శతాబ్దంలో మంగోలు చక్రవర్తి కుబ్లయ్ ఖాన్ చైనాను గెలుచుకుని 1276లో కొత్త పంచాంగం చేయమని ఆజ్ఞాపించాడు. పాత పంచాంగం ఆకాశంతో కలవడం మానేసింది. పని అప్పగించినవాళ్లలో గువో షౌజింగ్ (1231-1316) ఒకడు. మొదట ఆయన కాలువల ఇంజనీరు. ఆ తర్వాత బీజింగ్‌కు పడవలు చేరే కాలువను 1293 నాటికి పూర్తి చేసింది కూడా ఆయనే. లెక్కలు వేసే ముందు పరికరాలు కావాలి, పరికరాలు పెట్టే ముందు దేశమంతా కొలవాలి అన్నది ఆయన పట్టుదల. 27 చోట్ల పరిశీలనలు చేయించాడు. వాటిలో గావ్‌చెంగ్ ఒకటి. చైనాలో ఇప్పటికీ నిలబడి ఉన్న వేధశాలల్లో ఇదే పాతది. 1961లో జాతీయ రక్షిత కట్టడమైంది. 2010లో డెంగ్‌ఫెంగ్ చుట్టుపక్కల కట్టడాలతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

బురుజు ఎత్తు 9.46 మీటర్లు. పైన తర్వాతి కాలంలో కట్టిన రెండు చిన్న గదులతో కలిపితే 12.62 మీటర్లు. అడుగున ఒక్కో పక్క 16 మీటర్లకు పైగా, పైన 8 మీటర్ల వరకు, అంటే అడుగు వెడల్పుగా పైన సన్నగా ఉంటుంది. రెండు పక్కల నుంచి మెట్లు చుట్టుకుంటూ పైకి పోతాయి. ఉత్తరపు గోడలో పై నుంచి కింద దాకా నిలువుగా ఒక గాడి విడిచారు. ఆ గాడి పైన అడ్డంగా ఒక కమ్మీ. ఆ కమ్మీ నీడే వాళ్లు కొలిచేది. కమ్మీ ఎత్తు 40 అడుగులు, అంటే సుమారు 9.8 మీటర్లు. పాత 8 అడుగుల కంబానికి సరిగ్గా ఐదు రెట్లు.

గాడి అడుగు నుంచి ఉత్తరానికి నేల మీద రాతి స్కేలు సాగిపోతుంది. 36 రాళ్లు వరసగా పేర్చి చేసినది. పొడవు 31.19 మీటర్లు, వెడల్పు అర మీటరుకు కొంచెం ఎక్కువ. దాన్ని అక్కడివాళ్లు ‘ఆకాశాన్ని కొలిచే స్కేలు’ అంటారు. రాళ్ల మీద పొడవునా రెండు సన్నని కాలువలు చెక్కి ఉన్నాయి. మొదట అవి వాన నీళ్లు పోవడానికేమో అనిపిస్తుంది. కాదు. వాటిలో నీళ్లు నింపి స్కేలు సమంగా ఉందో లేదో చూసేవారు. మేస్త్రీ పనికి పోయే నాన్నలు, అన్నలు ఉన్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. సన్నని పైపులో నీళ్లు పోసి గోడకు ఆ కొసా ఈ కొసా లెవల్ చూస్తారు కదా, అదే ఇది. 31 మీటర్ల పొడవునా నేల ఏ కొంచెం వాలినా నీడ పొడవు మారిపోతుంది, ఏడాది లెక్క చెడుతుంది. కాలువల ఇంజనీరుకు ఇది తట్టడంలో ఆశ్చర్యం లేదు.

లెక్క ప్రకారం అక్కడ జూన్‌లో కమ్మీ నీడ గోడ పక్కనే 1.9 మీటర్ల దగ్గర పడుతుంది. డిసెంబరులో 15.6 మీటర్ల దాకా పోతుంది. ఆర్నెల్లలో ఆ సన్నని నీడ రాళ్ల మీద అంత దూరం నడుస్తుందన్న మాట.

మసకను ఎలా గెలిచారు?

ఐదు రెట్లు ఎత్తు ఎందుకు? అతి పొడుగు నీడ దగ్గర పడ్డాక రోజువారీ మార్పు చాలా తక్కువ. డిసెంబరు 22కూ, దానికి ఐదు రోజుల అవతలకూ 8 అడుగుల కంబం నీడలో తేడా ఒక్క సెంటీమీటరు. 40 అడుగుల కమ్మీకి ఆ తేడా 5 సెంటీమీటర్లకు పైన. పెద్ద తేడాను కొలవడం తేలిక.

ఇక్కడ చాలామంది పుస్తకాలు రాసేవాళ్లు ఆగిపోతారు. బురుజు ఎత్తు పెరిగింది, కొలత బాగుపడింది అని. కానీ స్తంభం దగ్గర చూసిన మసకను గుర్తు తెచ్చుకోండి. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. పళ్లెం పై అంచు నుంచి వచ్చే కిరణం ఒకచోట, కింది అంచు నుంచి వచ్చే కిరణం ఇంకోచోట నీడ అంచును గీస్తాయి. ఆ రెంటి మధ్యా మసక. ఎత్తు పెరిగితే నీడతో పాటు మసక కూడా అంతే పెరుగుతుంది. డిసెంబరులో 8 అడుగుల కంబానికి 6 సెంటీమీటర్లకు పైగా ఉన్న మసక 40 అడుగుల కమ్మీకి 32 సెంటీమీటర్లు అవుతుంది. ఐదు రెట్లు లాభం, ఐదు రెట్లు నష్టం. చేతికి మిగిలింది సున్నా. అంత ఎత్తున కట్టిన సన్నని కమ్మీ నీడ నేలకు చేరేసరికి కనిపించకుండానే పోతుంది.

గువో షౌజింగ్ గొప్పతనం బురుజులో లేదు, అరచేతిలో పట్టే ఒక రాగి రేకులో ఉంది. రెండు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల పొడవు. నడుమ సూది మొనంత బెజ్జం. ఆ రేకును చిన్న చట్రంలో వాలుగా నిలబెట్టి, స్కేలు మీద ముందుకూ వెనక్కూ జరుపుతారు. బెజ్జం గుండా సూర్యుడి బొమ్మ కింద రాయి మీద బియ్యపు గింజంత పడుతుంది. గ్రహణం నాడు చెట్టు ఆకుల సందుల్లోంచి నేల మీద చిన్న చిన్న నెలవంకలు పడటం చూసి ఉంటారు, అదే సూత్రం. రేకు సరైన చోటికి రాగానే ఆ గింజంత వెలుతురు మధ్యలో వెంట్రుకలా నల్లని గీత కనిపిస్తుంది. అది పైనున్న కమ్మీ. గీత సరిగ్గా నడిమధ్యన ఉన్నప్పుడు స్కేలు చదివితే సూర్యుడి పళ్లెం కేంద్రం నుంచి పడిన నీడ పొడవు తెలుస్తుంది. 32 సెంటీమీటర్ల మసక మిల్లీమీటర్లకు దిగిపోయింది.

మొదట దీన్ని చదివినప్పుడు నాకు నమ్మకం కలగలేదు. తిరిగొచ్చాక మేడ మీద ఒక తీగ కట్టి, అట్టముక్కకు గుండుసూదితో బెజ్జం చేసి చూశాను. గీత కనిపించింది.

ఏడాదికి ఎన్ని రోజులు?

ఇలా తీసిన కొలతలతో అతి పొడుగు నీడ పడిన క్షణాన్ని లెక్క కట్టారు. ఆ క్షణం సరిగ్గా మధ్యాహ్నమే రాదు, అర్ధరాత్రి కూడా రావచ్చు. అందుకని డిసెంబరు 22కు కొన్ని రోజుల ముందు ఒక నీడ, తర్వాత దాదాపు అంతే ఉన్న ఇంకో నీడ తీసుకుని నడిమి సమయం చూస్తారు. 5వ శతాబ్దంలో జూ చోంగ్‌జి అనే గణితవేత్త చూపిన దారి ఇది.

ఆ తర్వాత పాత రికార్డులు తీశారు. ఎనిమిది వందల ఏళ్ల కిందట కొలిచిన నీడలతో తమ కొలతలను పోల్చి, మధ్యలో గడిచిన రోజులను ఏళ్లతో భాగించారు. దీని లాభం చూడండి. పాత కొలతలో ఒక గంట తప్పు ఉన్నా 800తో భాగిస్తే ఏడాదికి నాలుగైదు సెకన్లే. వచ్చిన జవాబు 365.2425 రోజులు. అసలు విలువ 365.2422. తేడా ఏడాదికి 26 సెకన్లు. 1281లో అమల్లోకి వచ్చిన ఈ ‘షౌషి’ పంచాంగమే, మధ్యలో పేరు మారినా, 1644 వరకు నడిచింది. ఇప్పుడు మన గోడ మీదున్న ఇంగ్లీషు క్యాలెండరు, 1582లో రోములో దిద్దినది, ఏడాదికి తీసుకునే సగటు కూడా 365.2425 రోజులే.

పేరంతా గువో షౌజింగ్‌కే పోయింది. చైనావాళ్లు పెద్ద టెలిస్కోపు ఒకదానికి 2010లో ఆయన పేరు పెట్టారు. కానీ ఇదే 365.2425ను 1199లోనే యాంగ్ జోంగ్‌ఫు అనే ఆయన తన పంచాంగంలో వాడాడు. ఈ బృందంలో గణితం ఎక్కువగా చూసిన వాంగ్ షున్, పంచాంగం వెలువడిన 1281లోనే కన్నుమూశాడు. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి.

మన ఆవరణలో

గావ్‌చెంగ్ కర్కట రేఖకు ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాడు. ‘నీడలేని మండపం’ నిజానికి నీడను పీఠం మీద దాచుకున్న మండపం. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ రేఖకు దక్షిణాన ఉన్నాయి. ఇక్కడ ఏ పీఠం అక్కర్లేకుండానే ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం నీడ మాయమవుతుంది. కుప్పం వైపు ఏప్రిల్ చివరి వారంలో, హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, ఆదిలాబాద్‌లో మే మూడో వారంలో. మళ్లీ జూలై చివర్లోనో ఆగస్టులోనో రెండోసారి. ఈ రెండు రోజుల మధ్య కాలంలో మన నీడ దక్షిణానికి పడుతుంది. తాంగ్ కొలతగాళ్లు వియత్నాం వైపు చూసి ఆశ్చర్యపోయింది దీన్నే.

వేసవిలో హాస్టల్ ఖాళీ కాబట్టి డిసెంబరు 22న చేయండి. ఒక మీటరు కర్రను మేస్త్రీ గుండుతో నిటారుగా చూసి పాతాలి. 11.45 నుంచి ఐదైదు నిమిషాలకోసారి నీడ కొసన సున్నంతో చుక్క పెట్టండి. అన్నిటికన్నా కురచ నీడే మిట్టమధ్యాహ్నం. మన టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ దగ్గరగా పోతుంది. కాబట్టి విశాఖ, శ్రీకాకుళం వైపు తప్ప మిగతా చోట్ల 12 దాటాకే ఆ క్షణం వస్తుంది. మీరున్నది 17 డిగ్రీల అక్షాంశం దగ్గరైతే ఆ నీడ 85 సెంటీమీటర్లు రావాలి. ఒక డిగ్రీ ఉత్తరాన, అంటే 111 కిలోమీటర్ల దూరంలో ఉన్న హాస్టల్‌లో అదే రోజు, అదే మీటరు కర్రకు 88 వస్తుంది. అక్కడ మీకు తెలిసినవాళ్లు ఉంటే ముందే ఫోన్ చేసి చెప్పండి. వాళ్ల సంఖ్యనూ మీ సంఖ్యనూ పక్కపక్కనే పెడితే, హెనాన్ మైదానంలో జరిగింది అదే.